మీ లెక్కలో మా ఇంట్లో పొగ లేదు

శ్రీకాకుళం జిల్లాలో ఇళ్లు మంజూరు చేసే, గ్యాస్ సరఫరా చూసే, పల్లెల్లో వైద్యం నడిపే అధికారులకూ, నా తోటి తాపీమేస్త్రీలకూ ఒక బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా, నమస్కారం.

నేను కవిటి, సోంపేట చుట్టుపక్కల ఇరవై ఆరేళ్లుగా తాపీపని చేస్తున్నాను. నా చేత్తో కట్టిన వంటిళ్లు రెండు వందలకు తక్కువ ఉండవు. ఈ ఉత్తరం ఆ వంటిళ్ల గురించే.

మూడు సోమవారాలు పని మానుకుని అర్జీ పట్టుకు తిరిగాను. అర్జీలో రాసింది ఇంతే. మా వీధిలో సగానికి పైగా ఇళ్లలో రోజూ ఏదో ఒక పూట కట్టెల పొయ్యి ఇంటి లోపలే మండుతోంది. ఆ పొగ పోయే దారి లేదు. ఆయాసంతో ఉన్న ముసలివాళ్లు, చీటికీమాటికీ జలుబు చేసి ఎగశ్వాస పడే చంటిపిల్లలు ఉన్నారు. ఎవరైనా ఒకసారి వచ్చి చూడండి. నెల తిరిగేసరికి ఫోనుకి మెసేజ్ వచ్చింది. మీ అర్జీ పరిష్కరించబడినది అని ఉంది. ఎలా పరిష్కారమైందా అని ఆరా తీస్తే, కారణం కింద ఒక లైను రాసి ఉందట: "అర్జీదారు ఇంటికి గ్యాస్ కనెక్షన్ కలదు."

నిజమే, కలదు. సిలిండరు ఉంది, స్టవ్ ఉంది. స్టవ్ మీద పాత తువ్వాలు కప్పి, ఆ తువ్వాలు మీద కడిగిన కంచాలు బోర్లించి ఉన్నాయి. దాని పక్కనే మా అమ్మ ఊదుగొట్టం పట్టుకుని కొబ్బరి డొక్క రాజేస్తోంది. ఆ మెసేజ్ చదివినప్పుడు నా కళ్లెదుట ఉన్నది అదీ.

మా అమ్మ సంగతి చెప్పి అసలు విషయానికి వస్తాను. ఆవిడ జన్మలో బీడీ ముట్టలేదు, చుట్ట ముట్టలేదు. మా వైపు పాతకాలపు ఆడవాళ్లలో కొందరికి అడ్డపొగ అలవాటు, చుట్ట వెలిగించి నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని తాగుతారు. అందుకని ఏ ఆసుపత్రికి తీసుకెళ్లినా ముందు అడిగేది "చుట్ట తాగుతావా అమ్మా?" అనే. కాదంటే ఆయాసానికి మాత్రలు రాసి పంపేవారు. నాలుగేళ్లు అలాగే గడిచాయి. చివరికి విశాఖలో ఒక ఛాతీ డాక్టరు మిషన్ గొట్టంలోకి ఊదించి, ఇది సీఓపీడీ, అంటే ఊపిరి గొట్టాలు ఇరుకై ఆయాసం వచ్చే మొండి జబ్బు అని తేల్చి, "ఇంట్లో ఏం పొయ్యి?" అని అడిగారు. అంతకు ముందు ఆ ప్రశ్న అడిగినవాళ్లు లేరు. నలభై ఐదేళ్లు పొయ్యిగొట్టం ఊదిన మనిషి, ఆ మిషన్ గొట్టంలోకి ఆరు సెకన్లు ఊదలేకపోయింది.

నా కూతురు నర్సింగ్ చదువుతోంది. ఈ ఉత్తరంలో జబ్బుల లెక్కలన్నీ తను వెతికి సరిచూసి ఇచ్చినవి. ఇటుకల లెక్క మాత్రం నాది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఇంటి లోపలి పొగ వల్ల 2020లో ప్రపంచమంతటా 32 లక్షల మంది చనిపోయారు. అందులో ఐదేళ్లలోపు పిల్లలే 2 లక్షల 37 వేలకు పైగా ఉన్నారు. పోయేది ఊపిరితిత్తులతో మాత్రమే కాదు. గుండెపోటు, పక్షవాతం, ఊపిరితిత్తుల క్యాన్సర్, పిల్లల్లో నిమోనియా కూడా ఆ లెక్కలో ఉన్నాయి. కంటిలో శుక్లాలకూ ఈ పొగ ఒక కారణమే. పుల్లలు, పిడకలు, డొక్కలు కాలినప్పుడు కంటికి కనపడని సన్నటి ధూళి లేస్తుంది. అది ముక్కులో ఆగదు, గొంతులో ఆగదు, ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్లి అక్కణ్నుంచి రక్తంలో కలుస్తుంది. ఘనపు మీటరు గాలిలో రోజు మొత్తం సగటున ఆ ధూళి 15 మైక్రోగ్రాములు దాటకూడదని ఆ సంస్థ అంటుంది. మన దేశ ప్రమాణం 60. ఆ 60 కూడా బయటి గాలికి పెట్టినదే. పట్నంలో కూడలి దగ్గర బోర్డు మీద గాలి నాణ్యత అంకెలు తిరుగుతుంటాయి. మా అమ్మ రోజుకి ఐదు గంటలు కూర్చునే ఆరడుగుల గదిలో గాలిని కొలిచే బాధ్యత ఏ శాఖదో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

మా కవిటి, సోంపేట వైపు ప్రాంతాన్ని ఉద్దానం అంటారు. ఉద్దానం అంటే అందరికీ కిడ్నీ జబ్బే గుర్తొస్తుంది. ఆ విషయంలో ఎన్నో ఏళ్లు మొరపెట్టుకున్నాక పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం వచ్చాయి. అందుకు మీకు కృతజ్ఞతలు. ఈ రెండు జబ్బుల్నీ నేను ముడిపెట్టడం లేదు. పొగ విషయంలో కూడా అన్నేళ్లు ఆగమనొద్దని మాత్రమే అడుగుతున్నాను.

ఇక మా జనానికి జరుగుతున్నదేమిటో వరసగా రాస్తున్నాను.

1. కప్పు మారింది, పొయ్యి మారలేదు.

ఇది అన్నిటికంటే ముఖ్యం. దీని గురించి ఎవరూ మాట్లాడటం లేదు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. మా ఊళ్లలో ఇళ్లన్నీ ఒకే గోడ పంచుకుని రైలు పెట్టెల్లా వరసగా ఉంటాయి. ముందు వీధి, వెనక పెరడు. పక్కగోడకి కిటికీ పెట్టాలంటే అది పక్కింటివాళ్ల గదిలోకే తెరుచుకుంటుంది. అయినా పాతరోజుల్లో ఇంత ఇబ్బంది ఉండేది కాదు. పెంకుటిల్లు కాబట్టి పెంకుల సందుల్లోంచి పొగ పైకి పోయేది. చిన్నప్పుడు తెల్లవారుజామున వీధి చివర నిలబడి చూస్తే ప్రతి ఇంటి కప్పూ ఆవిరి కక్కుతున్నట్టుండేది. పొగ తగిలితే వాసాలకి చెద పట్టదని మా నాన్న అనేవాడు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ ఒక్క రాత్రిలో ఉద్దానం కొబ్బరితోటలు, జీడితోటలు నేలకొరిగాయి, పెంకులు ఎగిరిపోయాయి. తర్వాత ఏళ్లలో పెంకుటిళ్లు పోయి స్లాబులొచ్చాయి. పడిపోయిన చెట్లు పొయ్యిలోకొచ్చాయి. స్లాబు వానని ఆపుతుంది. పొగనీ ఆపుతుంది. మేము అది ఆలోచించలేదు. ప్లాను గీసినవాళ్లూ ఆలోచించలేదు.

ప్రభుత్వ కాలనీలో సెంటున్నర స్థలం, 340 చదరపు అడుగుల ఇల్లు. అందులో వంటగది అంటే ఒక మూల. ప్లానులో స్టవ్ గట్టు ఉంటుంది, పొగగొట్టం ఉండదు. ఎందుకంటే కాగితం మీద ప్రతి ఇంటికీ గ్యాస్ ఉన్నట్టే. వంటగది కిటికీ ఒక చదరపు మీటరుకి తగ్గకూడదని జాతీయ భవన నిర్మాణ నియమావళిలో ఉందట. ఈ మాట నాకు నా కూతురు చెప్పేదాకా తెలియదు. ఇరవై ఆరేళ్లలో ఏ ఇంజనీరూ టేపు పెట్టి వంటగది కిటికీ కొలవడం నేను చూడలేదు. బేస్‌మెంట్ కొలుస్తారు, లింటెల్ చూస్తారు, స్లాబు ఫోటో తీస్తారు, బిల్లు పడుతుంది. అంతే.

పాత వంటింటికి సున్నం వెయ్యడానికి వెళ్తే తెలుస్తుంది ఆ గది లోపల ఏం జరుగుతోందో. మసి గోకితే పొడిగా రాలదు, వేలికి జిగటగా అంటుకుంటుంది. రెండు పూతలు వేసి తెల్లగా చేసి వస్తాం. నెల తిరక్కుండా పొయ్యికి పైన గోడలోంచి పసుపు మరక బయటికొస్తుంది. "సున్నం నాసిరకం ఏసావు మేస్త్రీ" అని దెబ్బలాడతారు. సున్నంలో లోపం లేదు. గోడ పీల్చుకున్నదంతా తిరిగి కక్కుతోంది. పక్కన కూర్చున్న మనిషి కూడా అంతే పీల్చింది. ఆవిడకి మాత్రం సున్నం వెయ్యలేం.

2. గ్యాస్ ఉంది, కానీ ఏడాది పొడుగునా లేదు.

ఉజ్జ్వల పథకం 2016లో వచ్చింది. అంతకుముందే 1999లో ఉమ్మడి రాష్ట్రంలో డ్వాక్రా ఆడవాళ్లకి దీపం కనెక్షన్లు ఇచ్చారు. ఇప్పుడు దీపం-2 కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. ఆ పథకం 2024 నవంబరు 1న మొదలైంది కూడా మా ఇచ్ఛాపురం మండలం ఈదుపురంలోనే. మంచి పథకం, కాదనను. ఆ రోజు నేనూ వెళ్లి చూసి వచ్చాను.

కానీ ఐదుగురున్న మా ఇంట్లో అన్ని పనులూ గ్యాస్ మీదే చేస్తే సిలిండరు నెలన్నరకి మించి రాదు. మూడు సిలిండర్లంటే నాలుగున్నర నెలలు. మిగతా ఏడున్నర నెలలు? పైగా మా ఊళ్లో ఇప్పటికీ చాలామంది ముందు సొమ్ము కట్టి, తర్వాత ఖాతాలో పడిందా లేదా అని చూసుకుంటున్నవాళ్లే. తొమ్మిది వందల దగ్గర డబ్బు ఒక్కసారి తియ్యడం కూలీ ఇంటికి ఎంత టెన్షనో నెలజీతం తీసుకునేవాళ్లకి చెప్పినా తెలియదు. ఇంకో మాట. బండి ఊళ్లోకి రాదు. మెయిన్ రోడ్డు మీద దింపేసి వెళ్లిపోతుంది. మగవాళ్లు హైదరాబాదుకో చెన్నైకో వలస పోయిన ఇంట్లో ఆ సిలిండరు మోసుకొచ్చేదెవరు?

అందుకని మా ఆడవాళ్లు గ్యాస్‌ని దాచుకుని వాడతారు. టీకి, చుట్టాలొస్తే కూరకి, వాన రోజుకి గ్యాస్. అన్నానికి, చోడి అంబలికి, పశువుల ఉలవలకి, స్నానాల నీళ్లకి పొయ్యి. "డబ్బులెట్టి గేసు కొని వేణ్ణీళ్లు కాగెడతామేటి?" అంటుంది మా అమ్మ. ఆవిడ లెక్క తప్పని నేననలేను. డొక్కలు పెరట్లో ఊరికే పడి ఉన్నాయి, సరుగుడు పుల్లలు తోటలో ఊరికే దొరుకుతాయి. సర్వేకొచ్చినవాళ్లు "ముఖ్యంగా దేంతో వండుతారు?" అని అడిగితే గ్యాస్ అని చెప్తారు. అది అబద్ధమూ కాదు. అక్కడితో మా ఇల్లు పొగ లేని ఇళ్ల జాబితాలోకి పోతుంది.

గ్యాస్ ఇంటిదాకా వచ్చినా మావాళ్లు వాడరు, అలవాటు మానరు అని కొందరు ఆఫీసర్లు అంటుంటారు. అది నిజం కాదు. పక్కన తమిళనాడులో విల్లుపురం, నాగపట్నం జిల్లాల పల్లెల్లో, ఇంకో మూడు దేశాల్లో కలిపి 3,200 మంది గర్భిణులతో ఒక పెద్ద పరీక్ష చేశారు. సగం మందికి స్టవ్ ఇచ్చి, ఏడాదిన్నర పాటు గ్యాస్ ఉచితంగా ఇంటికే చేర్చారు. వాళ్లు కట్టెల పొయ్యి దాదాపుగా వదిలేశారు. పాత పొయ్యి వాళ్లు పీల్చే సన్నధూళి 70 మైక్రోగ్రాములుంటే వీళ్లది 24కి దిగింది. పుట్టిన పిల్లల బరువులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అది కూడా రాయమని నా కూతురే పట్టుబట్టింది, మనకి నచ్చిన ముక్కే చెప్పి ఊరుకోకూడదని. సరే, రాశాను. నేను చెప్పేదొకటే, ఇంటికి చేరిన గ్యాస్‌ని ఎవరూ అవతల పారెయ్యలేదు.

3. పొగ ఎక్కువ తినేది పొయ్యి దగ్గరున్నవాళ్లే.

అంటే ఆడవాళ్లు, వాళ్ల ఒళ్లో చంటిపిల్లలు, పొయ్యి పక్కన వెచ్చగా ఉంటుందని కూర్చునే ముసలివాళ్లు. మగవాళ్లం వంటయ్యాక కంచం ముందుకొస్తాం. మా ఊళ్లో జీడి కొమ్మలూ కాలుస్తారు. నిప్పు తొందరగా అంటుకుంటుందని కొందరు జీడి పిక్కల తొక్క ఓ గుప్పెడు వేస్తారు. అందులో ఉండే నూనె ఘాటుకి కళ్లు మండి నీళ్లు కారతాయి. ఆ పొగలోనే బాలింత బిడ్డకి పాలిస్తుంది. వానాకాలం మరీ కష్టం. పుల్లలు తడిసి ఉంటాయి, తలుపులు మూసి ఉంటాయి.

4. దోమల కోసం పెట్టే కాయిల్.

ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్నధూళి 75 నుంచి 137 సిగరెట్ల ధూళితో సమానమని 2003లో ఒక పరిశోధనలో తేలింది. మా కాలనీల్లో కాలువల్లేవు, మురుగు నిలుస్తుంది, దోమలు తప్పవు. అందుకని కిటికీలు మూసి, కాయిల్ వెలిగించి, పిల్లల్ని పక్కన పడుకోబెడతారు. సాంబ్రాణి సంగతి ఎత్తితే మా ఇంట్లోనే గొడవైపోతుంది కాబట్టి ఎత్తను.

5. ప్రశ్న ఫారంలోనే ఉంది, జవాబు ఎక్కడికీ పోదు.

ఇది నాకు కోపం తెప్పించిన విషయం. ముప్పై ఏళ్లు దాటిన ప్రతివారికీ ఆశా కార్యకర్త బీపీ, షుగరు వివరాలు అడిగి నింపే ఫారం ఒకటుంది. అందులో వంటకి ఏం వాడతారు, కట్టెలా, పిడకలా, కిరసనాయిలా, గ్యాసా అని ఒక గడి ఉంది. అంటే పొగకీ ఊపిరితిత్తుల జబ్బుకీ సంబంధం ఉందని ఆరోగ్యశాఖకి ఎప్పుడో తెలుసు. మా ఆశా అమ్మాయి పాపం అందరికీ నింపింది, మా అమ్మకీ కట్టెలు అని టిక్కు పెట్టింది. ఆ టిక్కు చూసి ఎవరైనా పిలిచి ఊపిరితిత్తుల పరీక్ష చేసి ఉంటే మా అమ్మకి నాలుగేళ్లు కలిసొచ్చేవి.

ఇవీ మా బాధలు. ఇప్పుడు మా కోరికలు. కొత్త పథకం అడగడం లేదు. ఉన్నవాటిలోనే చెయ్యదగ్గవి అడుగుతున్నాం.

ఒకటి. కనెక్షన్లు లెక్కపెట్టడం చాలించి రీఫిల్స్ లెక్కపెట్టండి. ఏడాదిలో ఎవరు ఎన్ని సిలిండర్లు తీసుకున్నారో గ్యాస్ కంపెనీల కంప్యూటర్లలో ఉండనే ఉంటుంది. నాలుగుకి మించని ఇళ్ల జాబితా ఊరివారీగా తీసి సచివాలయం గోడకి అంటించండి. పేర్లు వద్దు, ఎన్ని ఇళ్లో వేస్తే చాలు.

రెండు. ఉచిత సిలిండరుకి ముందు డబ్బు కట్టించుకోవడం పూర్తిగా మానాలి. ఒక్కసారి తొమ్మిది వందలు తియ్యలేనివాళ్లకి 5 కిలోల చిన్న సిలిండరు ఊళ్లోనే దొరికే ఏర్పాటు చెయ్యాలి. బండి వీధిలోకి రావాలి. రోడ్డు మీద దింపి సంతకం పెట్టించుకుంటే ఇంటికి చేర్చినట్టు కాదు.

మూడు. ప్రభుత్వం డబ్బిచ్చే ప్రతి ఇంటి ప్లానులోనూ పొగగొట్టం, వంటగది కిటికీ తప్పనిసరి చెయ్యండి. అవి లేకపోతే చివరి బిల్లు ఆపండి. ఇటుకతో కట్టే పొగగొట్టానికి నాకు ఒకటిన్నర రోజు పని, ఓ రెండు వందల యాభై ఇటుకలు, రెండు బస్తాల సిమెంటు. స్లాబు పొయ్యకముందే రంధ్రం వదిలితే ఇంతే. పోశాక పగలగొట్టాలంటే ఖర్చు రెట్టింపు, స్లాబు కారుతుందన్న భయం వేరు. ఇప్పటికే కట్టేసిన ఇళ్లలో కనీసం పెరటి గోడ పైభాగాన రెండు జాలీలు పెట్టించే డబ్బు ఇవ్వండి. గ్యాస్ మీద వండినా గాలి ఆడాలి కదా, అది కూడా మంటే.

నాలుగు. ఆశా ఫారంలో కట్టెలు అని టిక్కు పడి, దగ్గో ఆయాసమో ఉన్న ప్రతి మనిషినీ పీహెచ్‌సీకి పిలవండి. ఊదించే మిషన్ నెలకోసారైనా అక్కడికి రావాలి. డాక్టర్లకి ఒక మనవి. చుట్ట తాగుతావా అని అడిగినప్పుడే పొయ్యి సంగతీ అడగండి, అర నిమిషం పట్టదు.

ఐదు. బడి వెనక రేకుల షెడ్డులో మధ్యాహ్న భోజనం వండే ఆడవాళ్లు చాలాచోట్ల ఇంకా పుల్లలతోనే వండుతున్నారు. వాళ్లకి గ్యాస్ ఇప్పించండి. ఆ పొగ తరగతి గదిలోకే వస్తుంది.

ఇక తోటి మేస్త్రీలకి ఒక మాట. అన్నలారా, తమ్ముళ్లారా, తప్పులో మన చెయ్యీ ఉంది. ఇంటాయన పొగగొట్టం అడగలేదు, మనమూ చెప్పలేదు. వాస్తు కోసం పొయ్యి ఆగ్నేయ మూల ఉండాలంటే జరిపి కట్టాం, గాలి ఎటు పోతుందో చూడలేదు. గొట్టం పెట్టిన చోట్ల కూడా చూరు కిందే ఆపేశాం. స్లాబు మీద కనీసం మూడడుగులు లేవకపోతే గాలికి పొగ వెనక్కి తన్ని మళ్లీ ఇంట్లోకే వస్తుంది. ఈ ఏడాది నుంచి నేను ఒప్పుకున్న ప్రతి ఇంటికీ గొట్టానికి కూలి తీసుకోవడం లేదు. మీరూ అలా చెయ్యాలని అనను, స్లాబు పోసేముందు ఒక్కసారి ఇంటామెని అడగండి చాలు. ఇంటాయన్ని కాదు, ఇంటామెని.

అధికారులకి చివరిగా ఒకటి. నా అర్జీ మళ్లీ తెరవండి. ఈసారి కంప్యూటర్లో కనెక్షన్ ఉందా అని చూడకుండా మనిషిని పంపండి. పొద్దున్న ఆరున్నరకి వస్తే బాగుంటుంది, అప్పుడే అన్నం పొయ్యెక్కుతుంది. ఏ ఇంటికైనా వెళ్లి పొయ్యికి పైన గోడ మీద వేలితో ఒక గీత గీసి చూడండి.

వచ్చేముందు కబురు మాత్రం పెట్టొద్దు. పెద్దవాళ్లు వస్తున్నారంటే మావాళ్లు రాత్రికి రాత్రి సున్నం వేసేస్తారు. ఆ పని కూడా నాకే చెప్తారు.

ఇట్లు,
ఉద్దానం తాపీమేస్త్రి ఒకడు